గరిడీలో పెట్టిన అడుగు

ఒకానొక రాజ్యంలో పెద్ద విద్యాపీఠం ఒకటి ఉండేది. ఎంత చదివినా సరే, అక్కడి గరిడీలో అడుగు పెట్టి కసరత్తు చేయనివాడికి పట్టా ఇచ్చేవారు కాదు. ఆ గరిడీ కట్టేటప్పుడు కూలికి రాళ్లు మోసిన ఓబన్న మీద బండ జారిపడి, కుడికాలు మోకాలి దాకా తెగిపోయింది. మేస్త్రీలు దాన్ని పునాదిలోనే పూడ్చేశారు. కూలికి పనికిరానివాడినయ్యానని ఓబన్న చదువు పట్టుకుని, తర్కంలో అందరినీ మించిపోయాడు.

పట్టాలిచ్చే రోజున రాజుగారి ఎదుటే కులపతి అతన్ని ఆపేశాడు.

"గరిడీలో అడుగు పెట్టనివాడికి పట్టా లేదు. నియమం నియమమే!"

ఓబన్న గొంతు పెంచకుండానే బదులిచ్చాడు.

"పెట్టాను స్వామీ. వీళ్లంతా పొద్దున పెట్టిన అడుగు సాయంత్రానికి తీసుకుని పోయారు. నేను పెట్టిన అడుగు ఇంకా మీ పునాదిలోనే ఉంది. నమ్మకపోతే తవ్వించండి."

రాజు తల దించుకుని, పట్టా ఇవ్వమని సైగ చేశాడు. కులపతికి ఇవ్వక తప్పలేదు.

ఓబన్న ఊతకర్రతో ద్వారం దాటుతుండగానే వెనక దండోరా మోగింది.

"రేపటినుంచి గరిడీలో రెండు కాళ్లతో అడుగు పెట్టినవాళ్లకే పట్టా, అహో!"

చేతిలో పట్టా ఉన్నా ఓబన్నకు నోరంతా చేదైపోయింది.