ఓబులేసు పెరట్లో మూల బండ

మద్దిలేటయ్యగారిని ఏదైనా అడిగితే, అడిగిన చోట జవాబు దొరకదు. ఆయన నాపరాళ్ళు పరిచే మనిషి. యాభై ఏళ్ళుగా మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరింట్లో కాలు పెట్టినా ఆ కాలి కింద ఆయన పరిచిన బండ ఉంటుంది. మా పదిమందికీ గురువైన తర్వాత కూడా ఆయన సుత్తి వదల్లేదు. గురువారం సాయంత్రాలు ఆయన వసారాలో కూర్చుంటాం. ఎవరు ఏ సందేహం తెచ్చినా కళ్ళు మూసుకుని వింటారు, "చూద్దాం లే" అంటారు, అంతే. కొత్తవాళ్ళు కొందరు ఈయనకేమీ తెలియదని తేల్చుకుని మళ్ళీ రారు. రాకపోతే మాకే మంచిది, వసారా చిన్నది.

ఒక గురువారం ఓబులేసు అడిగాడు. ఓబులేసు హైస్కూల్లో లెక్కలు చెప్పే అయ్యవారు. యాభై నాలుగేళ్ళవాడు, మా అందరిలోకీ చదువుకున్నవాడు. అందరిలోకీ పిరికివాడు కూడా ఆయనే, ఈ రెంటికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు.

"అయ్యా, భయం ఎట్లా పోతాది? పుస్తకాల్లో ఉండేది చెప్పొద్దండి. అది నేను పిల్లోళ్ళకు రోజూ చెప్తానే ఉండా."

గురువుగారు అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని విన్నారు. కళ్ళు తెరిచి, "మీ పెరట్లో చప్టా మార్చల్లంటివి గదా. బుధవారం పొద్దున వస్తా," అన్నారు.

ఓబులేసు మొహంలో రంగు మారింది. "రాండి అయ్యా. పాత బండలన్నీ తీసేసి కొత్తవి పరచండి. ఆ మూలది ఒక్కటి మాత్రం అట్లే ఉండనీండి."

ఆ మూల బండ సంగతి మా ఊరందరికీ తెలుసు, మీకు తెలియదు కనుక చెబుతాను. వెనకటి రోజుల్లో మా నల్లరేగడి ఊళ్ళలో జొన్నలు పాతరల్లో దాచేవాళ్ళు. పాతర అంటే భూమిలో తవ్విన గొయ్యి. పైన మనిషి దూరేంత నోరు, కింద పదిమంది నిలబడేంత కడుపు. నెలల తరబడి మూసి ఉంచితే లోపలి గాలి విషమైపోతుంది. అందుకని నోరు తెరిచాక ముందుగా వెలిగించిన లాంతరును తాడు కట్టి దించేవాళ్ళు. లాంతరు ఆరిపోతే ఆ పూటకు ఎవరూ దిగేవాళ్ళు కాదు. ఓబులేసుకు ఆరేళ్ళప్పుడు వాళ్ళ పెద్దనాయన లాంతరు దించకుండానే ఇంటి పాతరలోకి దిగాడు. వాకిట్లో చుట్టాలు కూర్చున్నారు, ఇంట్లో జొన్నలు నిండుకున్నాయి, తొందర. దిగినవాడు మళ్ళీ పలకలేదు. ఓబులేసు అది కళ్ళారా చూశాడు.

ఆ ఏడాదే ఓబులేసు తండ్రి పాతర నోటిని మందపాటి బండతో మూసేసి, పెరడంతా నాపరాళ్ళ చప్టా వేయించాడు. ఆ మూల బండ జోలికి ఎవరూ పోవద్దన్నాడు. ఎందుకు పోకూడదో చెప్పాడు గానీ, పాతర కడుపు ఎంతవరకు వచ్చి ఉందో చెప్పలేదు. ఆయన పోయాక చెప్పేవాళ్ళూ లేకపోయారు. నలభై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఆ బండ మీద అడుగు పెట్టలేదు. శుక్రవారం శుక్రవారం దానికి పసుపూ కుంకుమా పెడతారు. ఓబులేసు భార్య చెన్నమ్మ కాపురానికి వచ్చిన రోజు, పొయ్యి ఎక్కడుందో చూపించకముందే ఆ బండ చూపించారట. లెక్కల అయ్యవారు పెరట్లో పళ్ళు తోముకునేటప్పుడు కూడా దాని వైపు వీపు తిప్పడు. నేను చూశాను.

బుధవారం కొత్త బండలను ట్రాక్టరులో తోలుకుపోయింది నేనే. పెరటి గేటు దగ్గర ఇంజను ఆపకుండానే నిలబెట్టాను. గురువుగారు అప్పటికే వచ్చి ఉన్నారు. చెన్నమ్మ చప్టా నడుమ కాళ్ళు చాపుకుని కూర్చుని, కాళ్ళ మీద మనవరాలిని వేసుకుని నీళ్ళు పోస్తోంది. పాపకు రెండు నెలలు. పురిటికి వచ్చిన కూతురు తలకు గుడ్డ కట్టుకుని లోపల పడుకుని ఉంది.

"ఈ నీళ్ళు పోసేది కానీండయ్యా, లేస్తా," అంది చెన్నమ్మ.

పుట్టిన నాటి నుంచీ పాపకు స్నానం అక్కడే. మూల బండకు ఎంత ఎడంగా ఉంటే అంత మంచిదని చెన్నమ్మే ఆ చోటు ఎంచుకుంది. పెరడు చిన్నది కాబట్టి ఆ ఎడం బారెడుకు మించలేదు. ఈ రెండు నెలల్లోనే నడిమి బండలు కాలు పెడితే ఊగడం మొదలుపెట్టాయి. చప్టా మార్పించాలని ఓబులేసుకు తోచింది అందుకే.

గురువుగారు గోడ వారగా నడిచి పోయి, మూల బండ దగ్గర గొంతుక్కూర్చుని సుత్తితో కొట్టారు. బండ ఠంగుమంది. గోడకు ఆనుకుని నిలబడ్డ ఓబులేసు ఒళ్ళు జలదరించడం నాకు గేటు దగ్గరి నుంచే కనిపించింది. గురువుగారు పక్క బండ కొట్టారు, దాని పక్కది కొట్టారు. మూడోదాని దగ్గర మోత మారింది. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు బోలుగా పలికింది. మళ్ళీ కొట్టబోయి ఆయన ఆగారు. సుత్తిని చాలా మెల్లగా కింద పెట్టి, ఇంజను ఆపమని నాకు చెయ్యి చూపారు.

ట్రాక్టరు మోత ఆగేసరికి పెరడంతా సద్దుమణిగింది. అప్పుడు విన్నాం. కింద ఎక్కడో నీళ్ళు పడుతున్నాయి. బావిలో పడ్డట్టు లోతుగా, ఒక్కొక్క చుక్క పడుతోంది.

"అమ్మా," అన్నారు గురువుగారు, "నువ్వు పోసే నీళ్ళు యాడికి పోతాండాయి?"

"జలదారి లోకే గదయ్యా," అని చెన్నమ్మ నవ్వుతూ గోడ వైపు తిరిగింది. కాగు నీళ్ళు సగం కుమ్మరించినా, నీళ్ళు బయటికి పోయే ఆ కాలువ పొడిగా ఉంది. దాంట్లో రాలిన వేపాకు ఒక్కటి కూడా తడవలేదు. ఆమె నవ్వు అట్లాగే ఆగిపోయింది.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. పాతర నోరు గోడవార మూలన ఉంది, కడుపు మాత్రం పెరటి నడుమకు వచ్చి ఉంది. ఇన్నేళ్ళూ ఆ ఇంటివాళ్ళు నోటికి భయపడి, కడుపు నెత్తిన మంచాలు వేసుకుని పడుకున్నారు. ఇప్పుడు రెండు నెలలుగా రోజుకొక కాగు నీళ్ళు బండల సందుల్లోంచి దిగి, కింది మట్టిని కరిగించుకుంటూ పోయాయి. చెన్నమ్మ కూర్చున్న బండ కింద ఇంకా ఎంత మట్టి మిగిలిందో ఎవరికీ తెలియదు. గేటు దాటబోతే గురువుగారు చూపుతోనే ఆపేశారు. నిజం చెప్పాలంటే, ఆపినందుకు లోపల సంతోషించాను. ఆ సంతోషం తలుచుకుంటే ఈనాటికీ సిగ్గేస్తుంది.

"చెన్నమ్మా, లేవొద్దు. కాళ్ళు ముడవొద్దు. పాపను బాగా పట్టుకో." ఆయన గొంతు పెంచలేదు. "ఓబులేసూ, మూల బండ ఎక్కు."

ఓబులేసు ఆయన వైపు చూశాడే గానీ కదల్లేదు.

"దాని కింద పాతర నోటికి చుట్టూ రాతి ఒర కట్టింటారు. మోత నువ్వూ విన్యావు. ఎక్కి వంగితే పాప అందుతాది."

గురువుగారి కుడి భుజం బండలు మోసి మోసి పడిపోయి పన్నెండేళ్ళయింది. ఆ చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. ఒళ్ళంతా నూనె పట్టించిన తడి బిడ్డ, పట్టు జారితే అంతే సంగతులు. అది ఓబులేసుకూ తెలుసు. తెలిసినా ఆయన వీపు గోడను వదల్లేదు. పెదవులు ఏదో లెక్క వేస్తున్నట్టు కదులుతున్నాయి, నుదుటి నుంచి చెమట కారుతోంది. ముప్పై ఏళ్ళ స్నేహంలో ఆ మొహాన్ని నేను అట్లా ఎన్నడూ చూడలేదు.

కింద మట్టిపెళ్ళ ఒకటి విరిగి నీళ్ళలో పడింది. చెన్నమ్మ కూర్చున్న బండ వేలెడు కిందికి దిగింది. ఆమె అరవలేదు. మొగుడి కళ్ళలోకి చూసి, "నన్ను చూడొద్దు, పాపను చూడు," అంది.

ఓబులేసు కళ్ళు మూసుకుని బండ ఎక్కాడు. ఎక్కాక కళ్ళు తెరవక తప్పలేదు, తెరవకపోతే పాప అందదు. మోకాళ్ళు వంచి చేతులు చాచాడు. చెన్నమ్మ కూర్చున్న చోటి నుంచే నడుము సాగదీసి, రెండు చేతులా పాపను ముందుకు పట్టింది. జానెడు తక్కువైంది. పాప ఏడుపు మాని కాళ్ళు తన్నుకుంటోంది. గురువుగారు వెనక నుంచి ఓబులేసు పంచెను మొల దగ్గర ఎడమచేత్తో ఒడిసి పట్టుకుని, "ఇంగ రవ్వంత," అన్నారు. ఓబులేసు బండ అంచున మునివేళ్ళ మీద నిలబడ్డాడు. పాప అతని చేతుల్లోకి వచ్చింది.

గురువుగారు నన్ను నిచ్చెన తెమ్మన్నారు. ఇంటి ముందు నుంచి చుట్టి వచ్చి, మిద్దె నిచ్చెన తీసుకుని, పెరటి గడప మీది నుంచి మెల్లగా ముందుకు తోశాను. రెండో కొసను ఆయన మూల బండ మీదికి లాక్కున్నారు. చెన్నమ్మ పక్కకు ఒరిగి దాని మీద బోర్లా పడుకుంది. ఒక్కొక్క మెట్టు పట్టుకుంటూ గడప వైపు పాకింది. నేను చేతులు అందుకుని లోపలికి లాగాను. ఆమె కాళ్ళు గడప దాటాయో లేదో, చప్టా నడుమ నాలుగు బండలు ఒకదాని వెంట ఒకటి లోపలికి వెళ్ళిపోయాయి. పెద్ద చప్పుడేమీ కాలేదు. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే. కాగూ, చెంబూ, నలుగుపిండి గిన్నే వాటితోపాటే పోయాయి. మగ్గిన జొన్నల వాసన చల్లగా పైకి వచ్చింది.

"ఎవురూ వంగి చూడొద్దండి," అన్నారు గురువుగారు. ఎవరికుంది ఆ ధైర్యం?

చెన్నమ్మ గడప లోపల కూలబడి, "పాప ఏదీ, పాప ఏదీ" అని కళ్ళ ముందే కనిపిస్తున్న పాప కోసం అడుగుతోంది. ఓబులేసు ఇంకా మూల బండ మీదే ఉన్నాడు. పాపను రొమ్ముకు అదుముకుని, పసిదాని తల తడిసేలా ఏడుస్తున్నాడు. గోడ వారగా నడిచి రమ్మని నేను పిలిస్తే రాడు. ఇందాక ఎక్కడానికి ఎంత భయపడ్డాడో ఇప్పుడు దిగడానికి అంత భయపడుతున్నాడు. గురువుగారు గోడకు ఆనుకుని కూర్చున్నారు.

ఏడుపు ఆగాక ఓబులేసు అడిగాడు. "అయ్యా, ఈ బండ నన్ను మోస్తాదని మీకు ముందే తెల్సు గదా?"

"కొట్టి చూస్తి గదా. సగం తెల్సు."

"తక్కిన సగం?"

గురువుగారు బండ మీది ఓబులేసు కాళ్ళ వైపు చూశారు.

"నువ్వు ఎక్కినాక తెల్సింది," అన్నారు.