అయిదుగురు ఎక్కిన ఓడ

అనగనగా ఒక రాజు. సముద్రం రోజూ ఆయన కోట గుమ్మం దాకా వచ్చి మెట్లు కడిగి పోయేది. ఆయన పేరు సాగరసేనుడు, రాణి తరళాదేవి. పిల్లలు ముగ్గురు: వజ్రకాంతుడు, మణికాంతుడు, ఆఖరిది అలివేణి.

ఒకనాడు రాజు, "పిల్లలు పెద్దవాళ్ళయిపోతున్నారు. మనమే ఓడ నడుపుకుంటూ దీవులన్నీ చూసొద్దాం" అన్నాడు.

మంత్రి కంగారుగా అడ్డుపడ్డాడు. "ప్రభూ! ఆ దీవులు గండశంఖుడనే మాంత్రికుడివి. అటు వెళ్ళిన ప్రతి ఓడా ఒక మనిషిని అక్కడ దించి రావాలి. అది వాడి శాసనం."

"అందరూ దించుతున్నారా?" అంది రాణి.

"దించుతున్నారమ్మా. ఒక్కరే కదా అని."

"మేం అయిదుగురం వెళ్తాం, అయిదుగురం వస్తాం. వాడి శాసనం వాడింట్లో చెప్పుకోమను."

ఓడ కదిలింది. వంట రాణిదే. గంగాళంలో అన్నం కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్ళ చేతుల్లో ముద్దలు పెట్టేది. రాజుగారికి బంగారు కంచం లేదా అంటారేమో. ఉంది. ఓడ ఊగితే కంచం ఒళ్ళో పడుతుంది, పులుసుతో సహా! చేతిలో ముద్దకి ఆ భయం లేదు. అయితే ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మొదటి ముద్ద ఎవరి చేతిలో పడ్డా వాళ్ళు తినరు. పక్కవాళ్ళకి ఇస్తారు. అలా చేతులు మారి మారి అది వడ్డించే అమ్మ నోటికే చేరుతుంది. లేకపోతే అమ్మ ఎప్పుడు తింటుంది? మీరెవరైనా చూశారా? సరే, కథలోకి వద్దాం.

దారిలో వలలో చిక్కుకున్న తాబేలొకటి కనబడితే అలివేణి వల కోసి వదిలింది.

మొదట దాల్చినచెక్క దీవి వచ్చింది. "ఒకరిని దించండి!" అని ఆకాశంలోంచి గొంతు.

"దించం!" అన్నారు అయిదుగురూ.

గాలి ఆగిపోయింది. తెడ్లు వేశారు. రాజుగారి అరచేతులు బొబ్బలెక్కాయి.

తర్వాత పగడాల దీవి. "ఒకరిని దించండి!"

"దించం!"

కుండల్లో మంచినీళ్ళు ఉప్పునీళ్ళయిపోయాయి. తెరచాప పరిచి వానచినుకులు పట్టుకుని తాగారు.

మూడోది కొబ్బరి దీవి. అక్కడ గొంతు వినబడలేదు. అదే అనుమానించాల్సిన సంగతి! అందరూ బొండాల కోసం దిగారు. గవ్వలేరుకుంటున్న అలివేణిని మాంత్రికుడు లాక్కుపోయి గుహలో పెట్టి బండతో మూశాడు.

"నీవాళ్ళు వెళ్ళిపోతారు. అందరూ అలాగే వెళ్ళారు" అన్నాడు.

"మా అమ్మ వెళ్ళదు" అంది అలివేణి.

వాడు నవ్వి, అచ్చం అలివేణిలా మారి ఓడెక్కాడు. ఓడ దూరం పోయాక ఎగిరిపోదామని వాడి ఎత్తు.

మధ్యాహ్నం అన్నాలకి కూర్చున్నారు. మొదటి ముద్ద దొంగ అలివేణి చేతిలో పడింది. గుటుక్కున మింగేసింది!

అందరి చేతులూ ఆగిపోయాయి.

"బాగుందా అమ్మా?" అంది రాణి.

"బాగుందమ్మా, ఇంకోటి పెట్టు!"

రాణి ఆ చెయ్యి ఒడిసిపట్టుకుంది. "వజ్రా, ఓడ తిప్పు! ఇది మన పిల్ల కాదు."

మాంత్రికుడు నిజరూపంలో లేచి నిలబడ్డాడు. "నలుగురు మిగిలారుగా, చాలదూ? పోయింది ఒక్కతే కదా!"

"మా ఓడలో 'ఒక్కరే కదా' అనే మాట లేదు" అన్నాడు రాజు. మణికాంతుడు తెరచాప తాడు బిగించాడు.

"నన్నేం చెయ్యగలరు? నా ప్రాణం నా ఒంట్లో లేదు!"

చిలుకలో ఉందనుకుంటున్నారు కదూ? చిలుకలో దాస్తే పసిపిల్లలకి కూడా తెలిసిపోతుందని వాడికీ తెలుసు. అలివేణిని పెట్టిన గుహలోనే ఒక తెల్లపీతలో దాచాడు. అక్కడ నీటి మడుగులోంచి ఆ తాబేలే తల పైకెత్తింది.

"అమ్మాయీ, నన్ను వలలోంచి విడిపించావు గనక చెబుతున్నాను. ఆ రాతిసందులో తెల్లపీత ఉంది. వాడి ప్రాణం అదే."

అలివేణి సందులో చెయ్యి పెట్టింది. పీత కరకరా నొక్కింది, నెత్తురు కారింది. "నొక్కుకో! నేను మాత్రం వదలను" అంటూ పైకి లాగి బండకేసి కొట్టింది.

ఓడ మీద మాంత్రికుడు నవ్వుతూ నవ్వుతూనే ఉప్పుకుప్పలా కూలిపోయాడు. గుహ తెరుచుకుంది. దీవిలోని కొబ్బరిచెట్లన్నీ మనుషులయ్యాయి. మునుపటి ఓడలవాళ్ళు దించేసి పోయిన మనుషులే వాళ్ళంతా! తిరిగొచ్చిన ఓడలోకి అందరూ ఎక్కుతుంటే, వాళ్ళలో చంద్రకేతుడనే రాజకుమారుడు ఒడ్డునే నిలబడిపోయాడు.

"నా అన్నలే నన్ను దించి పోయారు. నన్నెవరు ఎక్కించుకుంటారు?"

"మా ఓడలో దించడం ఉండదు, ఎక్కించుకోవడమే. రా!" అంది అలివేణి.

అందరినీ ఎక్కించుకుని ఓడ ఇల్లు చేరింది. కొన్నాళ్ళకి అలివేణికీ చంద్రకేతుడికీ పెళ్ళి నిశ్చయమైంది. పెళ్ళి విందులో రాణి అన్నం కలిపి మొదటి ముద్ద కొత్త అల్లుడి చేతిలో పెట్టింది. అందరూ అతని చేతివంకే చూస్తున్నారు. అతను ముద్దని ఒక్క క్షణం చూసి అలివేణికి అందించాడు. అది చేతులు మారి మారి రాణి నోటికి చేరింది.

అలివేణీ చంద్రకేతుడూ ఆ దీవులన్నిటినీ చాలాకాలం చల్లగా ఏలారు. ఆ నీళ్ళలో మళ్ళీ ఏ ఓడా ఎవరినీ దించలేదు.

అంతే కథ. ఇక లేవండి. మీ అమ్మ తిన్నదో లేదో చూసి రండి.