ఓబులమ్మ వంతు

మా ఊరి దర్గాలో జిలానీకి శిష్యరికం పూర్తయిందని పచ్చ తలపాగా చుట్టే సంగతి ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

జిలానీ కాలేజీలో గణాంకశాస్త్రం చదివాడు. అది చాలదనుకుని ఖాదర్ షా బాబా దగ్గర శిష్యుడిగా చేరాడు. రోజూ సాయంత్రం నిప్పుల మీద సాంబ్రాణి చల్లుకుని, చేతిలో నెమలి ఈకల కట్టతో ఇంటింటికీ వెళ్ళి పొగ వేయడం అతని పని.

తలపాగా చుట్టే ఉరుసు పండగ దగ్గర పడింది. బాబా తలపాగా గుడ్డ ఒళ్ళో పెట్టుకుని అడిగాడు.

"ఊళ్ళో ఒంటరివాళ్ళెవరైనా ఉన్నారా?"

ఆ సాయంత్రం జిలానీ పొగ వేస్తూనే అరుగుల మీద కబుర్లకు చేరినవాళ్ళను లెక్కపెట్టుకొచ్చాడు.

"లేరు బాబా. ఊళ్ళో ఎన్ని ఇళ్ళున్నాయో కబుర్లకు వచ్చేవాళ్ళూ అంతమందే ఉన్నారు. సగటున ఇంటికొకరు."

"చివరి సందులో ఓబులమ్మ ఇంటికో?"

"నేను వెళ్ళినప్పుడు ఎవరూ లేరు. అది వాన చినుకుల్లాంటిది బాబా. ఒక పెంకు మీద రెండు పడతాయి, ఇంకోదాని మీద పడవు. ఇవాళ తప్పిన పెంకు రేపు తడుస్తుంది."

బాబా గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"అయితే రేపు వెళ్ళి అక్కడే కూర్చో. ఆమె వంతు వచ్చేదాకా."

ఓబులమ్మ మంత్రసాని. ఊళ్ళో తల నెరిసిన వాళ్ళందర్నీ మొదట ఎత్తుకున్నది ఆమే. ఏడవనివాళ్ళ వీపు మీద చరిచింది కూడా. అది ఇంకా మనసులో పెట్టుకున్నారో ఏమో, ఆసుపత్రి వచ్చాక అటు ఎవరూ తొంగిచూడలేదు.

జిలానీ వెళ్ళేసరికి ఆమె చాప పరిచింది. మంచినీళ్ళిచ్చింది.

"ఎవరికోసం నాయనా?"

"నీ ఇంటికి ఎవరైనా వస్తారేమో చూద్దామని అవ్వా."

"నేనూ చూస్తాను," అని ఆమె అతని పక్కనే కూర్చుంది.

చాలామందే ఆ దారిన వచ్చారు. ఖాళీ అరుగు వైపు ఒకసారి చూసి, చిన్నపరెడ్డి అరుగు వైపు మళ్ళారు. అక్కడ రెడ్డి తన మోకాలి నొప్పి గురించి చెబుతున్నాడు. ఆ నొప్పి కథ ఊరంతటికీ నోటికి వచ్చు. అయినా, అంతమంది వింటున్నారంటే ఇవాళ కొత్తగా ఏదో ఉండే ఉంటుందని వెళతారు. చోటు లేకపోతే నిలబడైనా వింటారు.

జిలానీ ముందున్న నిప్పులు బూడిదయ్యాయి.

చివరికి మంచాలు అల్లే గుర్రప్ప సందు మొగలో ఆగాడు. ఓబులమ్మ నిటారుగా కూర్చుంది.

"ఏం జిలానీ, అక్కడ ఒక్కడివే కూర్చున్నావేం?" అని కేకేశాడు గుర్రప్ప. "ఇట్లా రా, రెడ్డి అరుగు మీద అందరం ఉన్నాం."

ఓబులమ్మ చాప అంచున ఊడిన పుల్లను మెల్లగా లోపలికి దూర్చింది.

జిలానీ దర్గాకి తిరిగొచ్చాడు.

"వంతు వచ్చిందా?" అన్నాడు బాబా.

"ఒకతను పలకరించాడు బాబా."

"ఎవర్ని?"

"నన్ను."

జిలానీ తనే తలపాగా గుడ్డ తీసుకెళ్ళి పెట్టెలో పెట్టేశాడు.

మర్నాటి నుంచీ జిలానీ పొగ చివరి సందులో మొదలవుతోంది. మొదట ఓబులమ్మ ఇల్లు. అక్కడ ఆ చాప మీద చాలాసేపు కూర్చుంటాడు. పెద్దవీధికి వచ్చేసరికి నిప్పులు చల్లారిపోతాయి, వాసన కూడా మిగలదు. ఊరి పెద్దలంతా కలిసి బాబా దగ్గరికి ఫిర్యాదుకు వెళ్ళారు. చిన్నపరెడ్డి తన మోకాలిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాడు.

బాబా అంతా విన్నాడు.

"మంచి పొగ కావాలంటే ఓబులమ్మ అరుగు మీద ఉంటుంది. చాప కూడా వేసే ఉంది," అన్నాడు.

రెడ్డి కదిలితే తామూ కదులుదామని అందరూ రెడ్డి వైపు చూశారు. ఇంకెంతమంది కదులుతారోనని రెడ్డి అందరి వైపూ చూశాడు.