అత్తగారి కాలివేళ్ళ లెక్క

ఒరేయ్ భార్గవా, ఇక ఆ లెక్కల పుస్తకం మూసెయ్. అయిదు శాతమంటే ఇరవయ్యో వంతెలా అయిందని కదూ నీ ఏడుపు? నేను చెప్తా గానీ, నువ్వూ చెల్లీ ఇద్దరూ ఊ కొట్టాలి మరి.

అనగనగా ఏటి మధ్యన ఒక లంక. ఆ లంకలో మాణిక్యమ్మని ఒక అత్త, నూకాలని ఒక కోడలు. నూకాలు పుట్టిల్లు అవతలి గట్టునే. పొద్దున్నే కళ్ళాపి చల్లుతూ తలెత్తితే వాళ్ళమ్మ పొయ్యి పొగ కనపడేది. పొగ కనపడుతుంది, అమ్మ కనపడదు. అదీ దాని బెంగ! పొగ రాని పూటైతే అమ్మకి ఒంట్లో ఎలా ఉందోనని ముద్ద దిగేది కాదు.

పుట్టింటికి పంపమంటే అత్త కాదనలేదు. నూటికి అయిదు రోజులు వెళ్ళమంది. లెక్క మాత్రం తనే పెడతానంది. రోజుకో వేలు. చేతివేళ్ళయ్యాక కాలివేళ్ళు. ఇరవై దాకా బాగానే వచ్చేది. తర్వాత మళ్ళీ బొటనవేలు. ఇది రెండో చుట్టా, మూడో చుట్టా? ఆవు ఈనితే మర్చిపోయేది, వానొస్తే మర్చిపోయేది, చుట్టమొస్తే మర్చిపోయేది. మర్చిపోతే మళ్ళీ మొదటికి. కోడలు చెబితే నమ్మదు. నూరు నిండదు, నూకాలు ఏరు దాటదు. ఊ కొడుతున్నారా?

ఓ సాయంత్రం అత్త కాళ్ళు పడుతుంటే నూకాలుకి తట్టింది. నూరంటే ఈ వేళ్ళు అయిదు చుట్లే కదా! అయిదు చుట్లకి అయిదు రోజులైతే, చుట్టుకి ఒక రోజు. నూటికి అయిదన్నా, ఇరవైకి ఒకటన్నా ఒకటే. అయిదొద్దత్తా, వేళ్ళు అయిపోయినప్పుడల్లా ఒక్క రోజు పంపు చాలంది. ఓసి పిచ్చిమొహమా, అయిదు వదులుకుని ఒకటి అడుగుతావేమిటని మాణిక్యమ్మ నవ్వి, సరేనంది. నాలుగు రోజులు తనకి మిగిలాయనుకుంది పాపం.

ఇరవయ్యోదైన కాలి చిటికెనవేలు రానే వచ్చింది. నూకాలు పడవెక్కింది. వాళ్ళమ్మ పొయ్యి వదిలేసి పరిగెత్తుకొచ్చింది. తల దువ్వింది, ముద్దలు కలిపి పెట్టింది, పొద్దు వాలాక వదల్లేక వదిలింది. అలా చుట్టుచుట్టుకీ వెళ్ళొచ్చింది.

అయిదోసారి తిరిగొచ్చేసరికి అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. కోడలి ప్రయాణాలు ఒక్క చేతి మీదే లెక్కపెట్టుకుంది మరి. అయిదూ ఇచ్చేశానే అంది. ఇక పంపదేమో అనుకుంది నూకాలు. అత్త కళ్ళలోనేమో నీళ్ళు. మా అత్తా నాకు నూటికి అయిదే అందే, ఆ నూరు నిండకముందే మా అమ్మ పోయింది అంది. నూకాలు ఆవిడ పక్కనే కూర్చుంది.

ఆ తర్వాతి చుట్టులో ఏమైందో తెలుసా? మాణిక్యమ్మ చిటికెనవేలి పక్కవేలు పట్టుకుని, ఇరవై, వెళ్ళిరా అంది. అది పంతొమ్మిదని నూకాలుకి తెలుసు. అత్తకీ తెలుసు. పడవ కదిలింది.

నువ్వు మాత్రం రేపు బళ్ళో ఇరవయ్యో వంతనే రాయి నాయనా. పెద్ద లెక్క చేతికందకపోతే చిన్నది చేసుకోవాలి, అంతే. కథ కంచి బాట పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.