భుజాన సైకిల్

జపాన్‌లోని ఓ రేవు పట్టణంలో నాగిసా అనే సైకిల్ పందేల అమ్మాయి ఉండేది. ఆమె కాళ్లలో ఎంత బలముందో, ఓడిపోయానని ఒప్పుకోవడానికి అంత నామోషీ.

గుండ్రటి ట్రాక్ మీద ఆమె దూసుకొస్తుంటే ఊరంతా లేచి కేకలు పెట్టేది. చేపల దుకాణాల్లో ఆమె ఫొటోలు, బడిపిల్లల సంచుల మీద ఆమె బొమ్మలు! కానీ ఎవరైనా తనను దాటిపోతే చాలు, నాగిసా తొక్కడం తగ్గించేసేది. కిందికి దిగి జుట్టు సవరించుకుంటూ, "ఈవేళ మనసు పెట్టలేదు గానీ, పెట్టుంటేనా!" అనేది. చూశారా తెలివి! గట్టిగా తొక్కి వెనకబడితే కదా ఓడినట్టు!

ఆమె గురువు ఇవాసకి మాస్టారికి ఒళ్లు మండేది.

"ఎవర్ని మోసం చేస్తున్నావే అమ్మాయ్?" అని అడిగేవాడు. ఆమె నవ్వేసి ఊరుకునేది.

ఏడాది చివర దేశంలోకెల్లా పెద్ద పందెం జరుగుతుంది. ఆ ఊరినుంచి దానికి అంతవరకు ఎవరూ వెళ్లలేదు. ఈసారి అక్కడ చోటు దక్కడానికి నాగిసాకు ఒక్క పందెమే మిగిలింది, అదీ సొంత ఊళ్లోనే. అంతకుముందు గెలిచినవి ఉన్నాయి కాబట్టి, ఎన్నోదిగా వచ్చినా సరే, పూర్తి చేస్తే చాలు. చేయకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

పందెం రోజు చివరి మలుపు తిరగ్గానే ముందు సైకిల్‌కు ఆమె చక్రం తగిలింది. నాగిసా దబ్బున పడింది. తక్కినవాళ్లంతా ముందుకు వెళ్లిపోయారు. ఆమె సైకిల్ చక్రం వంకరపోయింది. ముగింపు గీత ఎదురుగానే ఉంది. అంత దగ్గర్లో పడ్డవాళ్లు సైకిల్ మోసుకుని నడిచి గీత దాటినా పందెం పూర్తయినట్టే లెక్క.

మోకాలు చెక్కుకుపోయింది తప్ప ఆమెకేం కాలేదు. స్ట్రెచర్‌తో మనుషులు పరిగెత్తుకొచ్చారు. నాగిసా కళ్లు మూసుకుంది. 'ఇలాగే పడుకుంటే పోలా? పాపం, పడింది గానీ లేకపోతే గెలిచేదే అంటారు. కుంటుకుంటూ అందరికంటే ఆఖర్న వెళ్తే? అమ్మో, ఊరంతా చూస్తుంది!' అనుకుంది.

కంచె అవతల నుంచి చేపలమ్మే ఫుమీ మామ్మ గొంతు ఖంగున మోగింది. "ఏమే నాగిసా! చక్రం వంగితే కాళ్లు కూడా వంగాయా? లే!"

నాగిసాకు రోషం వచ్చింది. కళ్లు తెరిచి చూసింది. ఎవరూ నవ్వడం లేదు. జనమంతా కంచె పట్టుకుని ఆమె వైపే ఆత్రంగా చూస్తున్నారు.

"స్ట్రెచర్ వద్దు, నేనే వెళ్తాను" అంది.

సైకిల్ భుజానికెత్తుకుంది. కుంటుకుంటూ నడిచింది. ముందే గీత దాటిన అమ్మాయిలు కూడా ఆగి చప్పట్లు కొట్టారు. ఆమె గీత దాటేసరికి జనం పెట్టిన కేకలకు రేవులోని పడవలవాళ్లు కూడా తలెత్తి చూశారు!

మాస్టారు ఎదురొచ్చి సైకిల్ అందుకున్నాడు.

"ఓడిపోయాను మాస్టారూ! అందరికంటే ఆఖరిదాన్ని" అంది నాగిసా, తలెత్తుకుని.

ఆయన కళ్లు తుడుచుకుని, "మా పిల్లవే!" అన్నాడు.

ఆ ఏడాది చివరి పందేనికి ఆమె వెంట ఊరు ఊరంతా రైలెక్కింది. ముందు సీట్లో ఎవరనుకున్నారు? ఫుమీ మామ్మే!

ఓడిపోవడం సిగ్గుపడాల్సిన పని కాదు. ఓటమికి భయపడి పనిని మధ్యలో వదిలెయ్యడమే సిగ్గుచేటు.