సముద్రానికి ఒక గది

జామిపేటలో గవరయ్య ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనకపోవడంతో పాపం వాళ్ళే అనుకునేవారు. కొత్త గొడుగు తడిసి పాడవుతుందని, చినుకు పడగానే దాన్ని చంకలో దాచుకుని పరిగెత్తే తెలివి గవరయ్యది. దీపం వెలుగుతోందో లేదో చూడటానికి ఇంకో దీపం పట్టుకెళ్ళే తెలివి ఆయన భార్య ఎరుకమ్మది. తమ్ముడు సింహాలు సంగతి చెప్పనే అక్కర్లేదు. నిద్రలో తను ఎలా ఉంటాడో చూసుకోవాలని ఎదురుగా అద్దం పెట్టుకుని కళ్ళు మూసుకునే రకం.

గవరయ్య తల్లి పైడమ్మకి ఒకటే కోరిక. పోయేలోగా సముద్రాన్ని కళ్ళారా చూడాలి. తల్లి కోరిక తీర్చకపోతే గవరయ్యకి అన్నం సహించదు. జీడిమామిడి బాగా కాసిన ఏడు, సముద్రపు ఒడ్డున ఒక రిసార్టు వాళ్ళు చెప్పిన పథకంలో చేరిపోయాడు. ఏటా ఆషాఢంలో ఒక వారం అక్కడ గది వాళ్ళది. రిసార్టు వ్యాన్ వచ్చి నలుగురినీ వెనక గేటులో దింపింది. మేనేజరు నవ్వుతూ ఎదురొచ్చి, ఈ వారం ఇది మీ సొంత ఇల్లే అనుకోండి అన్నాడు.

అంతే. సొంత ఇల్లన్నాక చూస్తూ ఊరుకుంటారా? సాయంత్రానికల్లా ఎరుకమ్మ నున్నటి పాలరాతి నేలంతా పేడతో అలికి ముగ్గు పెట్టేసింది. సింహాలు గోడలకి మేకులు దిగ్గొట్టి దండెం కట్టి ఉల్లిపాయల గుత్తులు వేలాడదీశాడు.

పైడమ్మ మాత్రం ఆశగా కిటికీ దగ్గరికి వెళ్ళింది. బయట వంటశాల పెరడు. ఇద్దరు మనుషులు తొట్టి దగ్గర గిన్నెలు తోముతున్నారు.

"సముద్రమంటే ఇదేనేటిరా గవరా?" అంది. "పెద్దదన్నారు గదా."

గవరయ్య మేనేజరు దగ్గరికి పరిగెత్తాడు. సముద్రం కనబడే గదులు పాత సభ్యులకేనట. వచ్చిన ప్రతిసారీ పాయింట్లు పడతాయట, అవి నిండితే ఆ గది ఇస్తారట. మళ్ళీ మళ్ళీ వస్తూ ఉండండి అన్నాడు మేనేజరు.

ఇంకేముంది, మర్నాడు పొద్దున్నే నలుగురూ మూటాముల్లె సర్దుకుని వెనక గేటు దాటారు. దాటి వెనక్కి తిరిగి లోపలికొచ్చి, వచ్చామని చెప్పారు. మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ వచ్చారు. మేనేజరుకి తల తిరిగి, ఇలా కాదండీ, ఊరెళ్ళి రావాలి అన్నాడు. ఆయన ఉద్దేశం వచ్చే ఏడు రమ్మని. వీళ్ళకి అర్థమైంది వచ్చే బస్సుకి రమ్మని.

అంతే, బస్సు కోసం ముందు గేటులోంచి రోడ్డు మీదికి వచ్చారు. రోడ్డుకి అవతల ఇసుక, ఇసుక అవతల సముద్రం. గవరయ్య తల్లికి అడ్డంగా నిలబడ్డాడు. అమ్మ ఇక్కడే చూసేస్తే గదిలోంచి చూడటానికి ఏం మిగులుతుంది? చప్పున తువ్వాలు తీసి తల్లి కళ్ళకి గంతలు కట్టేశాడు.

"ఆ హోరేటిరా?" అంది పైడమ్మ.

"లారీలమ్మా," అన్నాడు సింహాలు.

"పెదాలకి ఉప్పగా తగుల్తంది."

"ఉప్పు లారీలు."

వారమంతా ఇదే వరస. పొద్దున్నే ఊరెళ్ళడం, ఇంటి గడప ముట్టుకోవడం, పొద్దుగూకే వేళకి తిరిగి రావడం. పైడమ్మ గంతలతో బస్సెక్కింది, గంతలతో దిగింది. ఇన్ని ఉప్పు లారీలు తిరుగుతున్నా ఊళ్ళో ఉప్పు ధర తగ్గదేమని ఆశ్చర్యపోయింది.

ఆఖరి రోజు ఆ ముసలమ్మ వాలకం చూసి మేనేజరు మనసు కరిగింది. పాయింట్లూ వద్దు ఏమీ వద్దని, మధ్యాహ్నం దాకా ఉండమని సముద్రం వైపు గది తాళం చేతిలో పెట్టాడు. ఆ గది రోడ్డు దాటాక ఉంది, తలుపు తీస్తే ఎదురుగా ఇసుకే. తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి గవరయ్య గంతలు విప్పాడు.

పైడమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోనైనా లేదు.

చివరికి, "ఒరే గవరా," అంది మెల్లగా. "అదీ వస్తంది, పోతంది. మళ్ళీ వస్తంది. మనలాగే."

నలుగురూ తేరిపార చూశారు. నిజమే. ఎప్పటినుంచి తిరుగుతోందని మేనేజరుని అడిగితే, నేను పుట్టకముందు నుంచీ అన్నాడాయన.

"మరి దానికి గది ఇవ్వలేదేం?" అన్నాడు గవరయ్య.

మేనేజరు నవ్వుకుంటూ తన పనిమీద వెళ్ళిపోయాడు. గవరయ్య న్యాయం తెలిసిన మనిషి. మనకంటే పాత సభ్యురాలు బయట తిరుగుతుంటే మనం లోపల కుర్చీలెక్కి కూర్చోవడమా అనుకున్నాడు. స్నానాల గదిలో బకెట్లు తెచ్చారు. సముద్రాన్ని ముంచి సింహాలు మోయడం, ఎరుకమ్మ పరుపు మీద పోయడం. పోసిన నీళ్ళు పోసినట్టే పరుపులోకి ఇంకిపోయాయి.

"ఎంత అలిసిపోయిందో చూడు," అంది ఎరుకమ్మ. "పడుకోగానే నిద్దరోయింది."

పైడమ్మ కూడా చెంబు పట్టుకుని నీళ్ళలోకి దిగింది. అల వచ్చి ఆమె కాళ్ళు తడిపి వెనక్కి లాగింది. రానని మారాం చేస్తందిరా అంటూ పైడమ్మ చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు వింటుంటే గవరయ్యకి జన్మ తరించినట్టయింది. మంచం నిండాక దుప్పటి కప్పి, ఫ్యాను వేసి, తలుపు తాళం పెట్టి, లోపల పెద్దావిడ పడుకుంది లేపకండి అని మేనేజరుకి తాళం చెవి ఇచ్చి వచ్చేశారు.

బస్సు కోసం రోడ్డెక్కేసరికి వాన మొదలైంది. గవరయ్య అలవాటు ప్రకారం గొడుగు చంకలో దాచాడు. పైడమ్మ కళ్ళకి ఇప్పుడు గంతలు లేవు. రోడ్డు అవతలికి చూసి కంగారుపడింది.

"గవరా, ఇంకా బోలెడు మిగిలిపోయిందిరా. వానలో తడిసిపోతంది."

గవరయ్య చంకలో గొడుగు వంక చూశాడు, తల్లి మొహం వంక చూశాడు. గబగబా రోడ్డు దాటి ఇసుకలోకి వెళ్ళి, కొన్న నాటి నుంచీ విప్పని ఆ గొడుగుని మొట్టమొదటిసారి విప్పి, సముద్రం తడవకుండా దాని అంచున పాతిపెట్టి, తడుచుకుంటూ వచ్చి బస్సెక్కాడు.