గుమ్మం దగ్గర ఆగిన జవాబు

కోట గుమ్మటంలో ఒంటరిగా రాజుగారి వెబ్ పేజీలు రాసే గవరయ్య, తాను విప్పలేని చిక్కే లేదని గొప్పలు పోయేవాడు. వినడానికి మాత్రం పావురాలే ఉండేవి.

పొరుగు రాజ్యంతో చిక్కు మొదలైనప్పటినుంచీ రోజూ దండనాయకుడు మెట్లెక్కొచ్చి అరిచేవాడు. ఆరోజూ అంతే. "పొరుగు రాజ్యం సర్వర్ జవాబివ్వట్లేదు! రేపటికి తేలకపోతే దండెత్తుతా. నీ కొలువూ ఊడుతుంది!"

"దొరా, ఒక్కసారి సరిహద్దు దాటి, పొరుగువాళ్ల అనుమతి చీటీ లేకుండా తిరిగి రండి."

"నన్నెవడాపుతాడ్రా?" అని వెళ్లాడు. తిరిగొస్తుంటే, చీటీ లేనిదే ఎవరినీ రానివ్వొద్దన్నది తమరి ఆజ్ఞేనంటూ సొంత కాపలావాళ్లే గుమ్మం దగ్గర ఆపేశారు. చీటీ తెప్పించుకుని మెట్లెక్కొచ్చాక గవరయ్య అన్నాడు:

"జవాబూ మీలాగే మన గుమ్మందాకా వచ్చింది దొరా. చీటీ లేదని మన బ్రౌజరే ఆపింది. మన కోటకు చూపించవచ్చని పొరుగు సర్వర్ జవాబుతోపాటు చీటీ పెడితే చాలు."

కబురు వెళ్లింది, జవాబు కనబడింది. దండయాత్ర ఆగింది.

"ఇంతేనా? ముందే చెప్పలేదేంరా?"

గవరయ్య తల దించుకున్నాడు. "మొదటిరోజే ఈ కారణం తెర మీద ఎర్రటి అక్షరాల్లో కనబడింది దొరా. చెప్పేస్తే మీరిక మెట్లెక్కి రారని..."